సముద్ర క్షీరదములలో క్రొత్త సూక్ష్మజీవులు: వాని గుర్తింపు, నామకరణము



మన పల్లెలలో క్రొత్త మనిషి యెవరైన వీధిలో కనబడినచో, అరుగుమీద కూర్చున్న పెద్దలు అతనిని మూడు ప్రశ్నలడుగుదురు. "ఏ ఊరు నాయనా? ఎవరి తాలూకు? పేరేమి?" ఈ మూడింటికిని సరియైన సమాధానము వచ్చినపిమ్మటనే అతడు మంచివాడా, కాడా అను విచారణ మొదలగును. ఊరు తెలియని వానిని, వంశము తెలియని వానిని, పేరు లేని వానిని గూర్చి ఎవరును ఏమియు నిశ్చయముగా చెప్పజాలరు.

శాస్త్రజ్ఞులు క్రొత్త సూక్ష్మజీవి కనబడినపుడు అడుగునవియు ఈ మూడు ప్రశ్నలే. అది ఎచ్చట నివసించుచున్నది? ఏ కుటుంబమునకు చెందినది? దానికి ఏ పేరు పెట్టవలెను? ప్రశ్నలు చిన్నవే. కాని సమాధానము రాబట్టుటకు ఒక్కొక్కప్పుడు పది పండ్రెండు సంవత్సరములు పట్టును. అట్టి వృత్తాంతమొకటి ఈ పాఠమున చెప్పబడుచున్నది. ఇది తిమింగలములు, డాల్ఫినులు, సీల్ జంతువులలో దొరికిన బ్రూసెల్లా అను సూక్ష్మజీవుల కథ.

1. సముద్ర క్షీరదములు

నీటిలో ఈదునదెల్ల చేప కాదు. చేపకు మొప్పలుండును, అది నీటిలోని ప్రాణవాయువును గ్రహించును. డాల్ఫినుకు మనవలె ఊపిరితిత్తులున్నవి. గాలి పీల్చుటకై అది మాటిమాటికి నీటిపైకి రావలెను. అది గ్రుడ్లు పెట్టదు, పిల్లను కని పాలిచ్చి పెంచును. కావున అది క్షీరదము. క్షీరమనగా పాలు.

సముద్ర క్షీరదములలో ముఖ్యముగా మూడు వర్గములు కలవు. తిమింగలములు, డాల్ఫినులు, పోర్పాయిసులు మొదటి వర్గము. పోర్పాయిసు డాల్ఫినును పోలినదే కాని దానికి పొడుగైన ముక్కు ఉండదు. సీల్ జంతువులు, సముద్రసింహములు, వాల్రసులు రెండవ వర్గము. వీని కాళ్లు ఈదుటకు అనువుగా రెక్కలవలె మారియున్నవి. గడ్డి మేయు దుగాంగు మొదలైనవి మూడవ వర్గము. మన ఒడిశాలోని చిలికా సరస్సునందు ఇరావడీ డాల్ఫినులు నివసించుచున్నవి. తమిళనాడు తీరమున పాక్ జలసంధి ప్రాంతమున దుగాంగులు గలవు. దుగాంగుల రక్షణకై తమిళనాడు ప్రభుత్వము 2022లో ఆ ప్రాంతమును ప్రత్యేకముగా ప్రకటించినది.

ప్రతి జంతువు శరీరమునందును అసంఖ్యాకమైన సూక్ష్మజీవులుండును. మన నోటిలో, ప్రేగులలో ఉన్నట్లే డాల్ఫిను నోటిలోను, ఊపిరి విడుచు రంధ్రమునందును గూడ ఉన్నవి. ఇవి సముద్రజలము నుండి చేరిన బాక్టీరియాలే యని తలచుటకు అవకాశము కలదు. కాని అమెరికాలోని సాన్ డియేగో నగరమున నౌకాదళము పెంచుచున్న డాల్ఫినులను, సముద్రసింహములను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో వేరు విషయము తేలినది. ఆ జంతువుల శరీరములలోని సూక్ష్మజీవులు చుట్టునున్న నీటిలోని వానికంటె చాల భిన్నములు. వానిలో ననేకములు అంతకు మునుపు శాస్త్రమునకు తెలియనివి. ఇందులో నధిక సంఖ్యాకములు ఆ జంతువులకు హాని చేయవు. హాని చేయునవి కొన్ని మాత్రమే. ఏవి ఏవియో తెలియవలెనన్నచో మొదట వానిని వేరుపరచి గుర్తింపవలెను.

2. మాల్టా దీవి జ్వరము

సముద్రమునకు పోవుటకు ముందు ఒక పాత కథను తెలిసికొనవలెను. మధ్యధరా సముద్రమున మాల్టా యను చిన్న దీవి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట నున్న బ్రిటిష్ సైనికులకు ఒక విచిత్రమైన జ్వరము వచ్చుచుండెను. కొన్నాళ్లు హెచ్చును, కొన్నాళ్లు తగ్గును, మరల వచ్చును. చెమటలు పోయును, కీళ్లు నొచ్చును. రోగి నెలలతరబడి మంచము పట్టును. డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు చనిపోయినవారి ప్లీహము నుండి ఈ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని వేరుచేసి, 1887లో ప్రకటించెను.

అయినను అది మనుష్యులకు ఎచ్చట నుండి వచ్చుచున్నదో తెలియలేదు. 1905లో థెమిస్టొక్లిస్ జమ్మిట్ అను మాల్టా వైద్యుడు ఆరోగ్యముగా కనబడుచున్న మేకల రక్తమున దానిని కనుగొనెను. సైనికులు త్రాగుచున్నది ఆ మేకల పచ్చిపాలే! 1906లో ఆ పాలను మాన్పించిన తరువాత సైనికులలో జ్వరము తగ్గిపోయెను.

ఇంతలో డెన్మార్కు దేశమున బెర్న్‌హార్డ్ బాంగ్ అను పశువైద్యుడు, ఆవులకు గర్భస్రావము కలిగించు వేరొక సూక్ష్మజీవిని 1897లో కనుగొని యుండెను. ఈ రెండును దగ్గర చుట్టములని అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞురాలు 1918లో చూపెను. బ్రూస్ పేరిట 1920లో ఈ ప్రజాతికి బ్రూసెల్లా అను నామము కలిగెను.

కాలక్రమమున పందులలో, గొఱ్ఱెలలో, కుక్కలలో, అమెరికా ఎడారియందలి ఒక విధమైన ఎలుకలో కూడ ఈ ప్రజాతికి చెందిన జాతులు బయటపడెను. మేక, ఆవు, పంది, గొఱ్ఱె, కుక్క, ఎలుక అను ఆరింటికి ఆరు జాతులు లెక్కకు వచ్చెను. గమనింపుడు: ఆరును నేలమీది జంతువులే. ఇది భూచరముల సూక్ష్మజీవి యని అందరును నమ్మియుండిరి.

3. మొదటి ప్రశ్న: ఏ ఊరు?

1994లో ఆ నమ్మకము సడలిపోయెను. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున ఒక డాల్ఫినుకు గర్భస్రావము జరుగగా, ఆ పిండమున బ్రూసెల్లా కనబడెను. అదే సంవత్సరమున స్కాట్లండు తీరమున దొరికిన సీల్, పోర్పాయిసు, డాల్ఫిను కళేబరములలోను బ్రూసెల్లా దొరికినట్లు అచ్చటి పరిశోధకులు ప్రకటించిరి. ఒకరికొకరు వేల మైళ్ల దూరమున నున్న రెండు బృందములు ఒకే సంవత్సరమున ఒకే విషయమును తెలిపిరి.

సముద్రములో చనిపోయి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన జంతువు నుండి సూక్ష్మజీవిని వేరుచేయుట సులభమైన పని కాదు. కళేబరము క్రుళ్లుచుండును, క్రుళ్లించు బాక్టీరియాలు కోట్లకొలది దానిలో పెరుగుచుండును. ఆ గుంపులో మనకు కావలసినది ఏ మూలనో దాగియుండును. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవానిని వెదకుట వంటిది ఈ పని.

అందులకు అనుసరించు విధానమిది. చేతికి తొడుగులు, ముఖమునకు కవచము ధరించి, శుద్ధిచేసిన కత్తితో ఊపిరితిత్తులు, ప్లీహము, మెదడు, గర్భాశయము మొదలగు భాగముల లోపలి నుండి చిన్న ముక్కలు తీయుదురు. వానిని పోషకపదార్థములతో గూడిన అగారు పలకలపై పూయుదురు. అగారు అనగా సముద్రపు నాచు నుండి తీయు జిగురు. దీనిని ప్రయోగశాలలో వాడవచ్చునని 1881లో సూచించినది ఫానీ హెస్ అను గృహిణి. ఆమె భర్త రాబర్ట్ కాక్ అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనిచేయుచుండెను. వంటయింట జెల్లీ చేయుటకు ఆమె వాడిన వస్తువే వైద్యశాస్త్రమునకు పెద్ద సాధనమయ్యెను.

బ్రూసెల్లా మెల్లగా పెరుగును. ఇతర బాక్టీరియాలు ఒక్క రాత్రిలో పలకను కప్పివేయగా, దీనికి చాల దినములు పట్టును. కావున ఇతరములను అణచివేయు మందులను అగారులో కలుపుదురు. కొన్ని పలకలను మామూలు గాలిలోను, కొన్నింటిని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా నున్న పెట్టెలోను ఉంచుదురు. ఓపికతో దినదినము పరీక్షించుచుండగా ఒకనాడు మంచుబిందువువంటి చిన్న చుక్క కనబడును. ఆ చుక్కను క్రొత్త పలకపై గీసి, దానిలోని ఒక చుక్కను మరల వేరొక పలకపై గీసి, ఒకే విధమైన సూక్ష్మజీవి మాత్రము మిగులునట్లు చేయుదురు. దీనిని శుద్ధసంవర్ధనము అందురు. శుద్ధసంవర్ధనము లేనిదే తరువాతి పరీక్షలకు విలువ లేదు.

4. రెండవ ప్రశ్న: ఎవరి తాలూకు?

ఇపుడు వంశనిర్ణయము. మొదటి పరీక్ష రంగు. 1884లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు గ్రామ్ కనుగొన్న పద్ధతి ప్రకారము సూక్ష్మజీవులకు ఊదారంగు పట్టించి, పిమ్మట సారాయితో కడుగుదురు. కొన్నింటిలో ఆ రంగు నిలుచును, కొన్నింటిలో పోవును. బ్రూసెల్లాలో నిలువదు. సూక్ష్మదర్శినిలో చూచినచో అవి గుండ్రనివో పొడుగైనవో చెప్పుటకు వీలులేని పొట్టి కణములుగా కనబడును.

రెండవది ఆహారపరీక్ష. ఏ చక్కెరను వాడుకొనును? ఏ వాయువు కావలెను? ఇచ్చట ఒక ముఖ్యమైన భేదము తేలినది. సీల్ జంతువులలో దొరికిన వానిలో ఎక్కువ భాగమునకు ఆరంభమున పెరుగుటకు బొగ్గుపులుసు వాయువు అదనముగా కావలసివచ్చెను. డాల్ఫినులలో, పోర్పాయిసులలో దొరికినవి సాధారణముగా అది లేకయే పెరిగెను. గాలక్టోజు అను చక్కెరను వాడుకొనుటయందును వీనికి భేదము కనబడెను. అనగా సముద్రమున నున్నవి ఒక రకము కాదు, రెండు రకములు కావచ్చునను అనుమానము పుట్టెను.

మూడవది జన్యుపరీక్ష. దీనిని గ్రహించుటకు మీకు తెలిసిన విషయమునే ఉదాహరణగా తీసికొనుడు. మీరు ఇంట తెలుగును, వీధిలో ఒడియాను వినుచున్నారు. తెలుగులో "నాలుగు" అందుము. కన్నడమున "నాల్కు", తమిళమున "నాన్గు". ఒడియాలో "చారి" అందురు, సంస్కృతమున "చత్వారి". అంకెల పేర్లు త్వరగా మారవు. కావున వానిని పోల్చి, తెలుగు, కన్నడము, తమిళము ఒక కుటుంబమనియు, ఒడియా సంస్కృత సంబంధమైన వేరొక కుటుంబమనియు గుర్తింపవచ్చును.

బాక్టీరియాలయందును అట్లే త్వరగా మారని భాగమొకటి కలదు. ప్రోటీనులను తయారుచేయు రైబోజోము అను యంత్రములో 16ఎస్ అను పేరుగల అంశము, సుమారు 1500 అక్షరముల పొడవు గలది. దీనిని పోల్చి జీవకోటి వంశవృక్షమునే తిరిగి వ్రాయవచ్చునని కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ అను శాస్త్రజ్ఞులు 1977లో చూపిరి. ఈ భాగమున రెండు బాక్టీరియాలకు నూటికి 98.7 వంతులకంటె తక్కువ పోలిక యున్నచో అవి వేర్వేరు జాతులని సామాన్యముగా నిర్ణయింతురు. పూర్తి జన్యుపదార్థమును పోల్చుట మఱియొక పద్ధతి. పూర్వము రెండింటి డి.ఎన్.ఏ.లను కలిపి, అవి నూటికి 70 వంతులు గాని అంతకు మించి గాని అతికినచో ఒకే జాతియని 1987లో ఒక ప్రమాణము నిర్ణయించిరి. ఇపుడు సంపూర్ణ జన్యుక్రమములను అక్షరాక్షరము పోల్చి, సగటు పోలిక నూటికి 95 లేక 96 వంతులకు తగ్గినచో వేరు జాతియని చెప్పుదురు.

5. చిక్కు

ఈ కొలతలను బ్రూసెల్లాకు వాడగా చిక్కు వచ్చిపడెను. అన్ని బ్రూసెల్లాలకును 16ఎస్ అంశము ఒకటే. డి.ఎన్.ఏ. అతుకు పరీక్షలోను అవి 70 వంతుల గీటును ఎంతో మించియున్నవి. మేకదియు, ఆవుదియు, కుక్కదియు ఈ కొలత ప్రకారము ఒకే జాతి కావలెను. ఒకే తాలూకాలోని రెండు ఊళ్లవారిని అంకెలు చెప్పుమన్నచో ఇరువురును ఒకే విధముగా చెప్పుదురు గదా! ఎవరిది ఏ ఊరో తెలియవలెనన్నచో యాసను, పలుకుబడిని గమనింపవలెను.

నిజమునకు 1985లోనే కొందరు శాస్త్రజ్ఞులు "అన్నియు ఒకే జాతి, లోపల ఉపభేదములు మాత్రమే" అని సూచించిరి. శాస్త్రలెక్క ప్రకారము అది సరియే. కాని వైద్యులకు, పశువైద్యులకు అది ఇబ్బంది కలిగించెను. మేకలోని బ్రూసెల్లా మనిషికి మిక్కిలి ప్రమాదకరము. గొఱ్ఱెలోనిది మనిషికి అంటినట్లు కనబడదు. రెండింటికిని ఒకే పేరైనచో, ఆ పేరు విన్నవానికి ప్రమాదము తెలియుట ఎట్లు? కావున ఆయా జంతువును, రోగమును, జన్యులక్షణములను కలిపి చూచి పాత జాతినామములనే ఉంచవలెనని బ్రూసెల్లాకు సంబంధించిన అంతర్జాతీయ ఉపసంఘము 2003లో నిశ్చయించెను.

పిల్లలారా, ఇందు ఒక నీతి కలదు. కొలత మంచిదే, కాని కొలతకు ప్రయోజనము కూడ తోడుగా ఉండవలెను. "జాతి" అను గీటును ప్రకృతి స్వయముగా గీచినది కాదు; తెలివిగా, అందరి సమ్మతితో మనుష్యులు గీయునది.

ఆ పిమ్మట "యాస"ను పరీక్షించు సూక్ష్మమైన పద్ధతులతో సముద్రపు బ్రూసెల్లాలను పోల్చిరి. బ్రూసెల్లాల జన్యువులలో ఐ.ఎస్. 711 అను చిన్న ఖండము అచ్చటచ్చట అతుకుకొనియుండును. సముద్రపు వానిలో ఈ ఖండములు మేకలలోని, ఆవులలోని జాతులకంటె చాల ఎక్కువ. బీపీ 26 అను జన్యువు ప్రక్కన ఒక ఖండము అతుకుకొనియుండుట సముద్రపు వాని ప్రత్యేక చిహ్నము. కణమునకు పైపొరయందుండు ప్రోటీనుల జన్యువులను చూడగా, డాల్ఫినుల వర్గపువి ఒకవైపును, సీల్ వర్గపువి వేరొకవైపును చేరినవి. పెరుగుదలలో కనబడిన భేదమును, జన్యువులలో కనబడిన భేదమును, జంతువులలోని భేదమును ఇట్లు ఒకదానికొకటి సరిపోయినవి. మూడు సాక్ష్యములు ఏకమైనపుడు తీర్పు చెప్పవచ్చును.

6. మూడవ ప్రశ్న: పేరేమి?

1997లో కొందరు అన్నింటికిని కలిపి "బ్రూసెల్లా మారిస్" అను పేరును సూచించిరి. సముద్రపు బ్రూసెల్లా యని అర్థము. 2001లో మఱికొందరు రెండు జాతులుగా విభజించి "సెటాసియే", "పిన్నిపీడియే" అను పేర్లు సూచించిరి. కాని ఆ పేర్లు లాటిను నామకరణ నియమములకు సరిపడలేదు. తెలుగు పరీక్షలో సంధిదోషమునకు మార్కులు పోయినట్లే, శాస్త్రమునందును వ్యాకరణదోషమునకు క్షమ లేదు!

తుదకు 2007లో స్కాట్లండు, నార్వే, ఫ్రాన్సు మొదలగు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి రెండు జాతులను నియమానుసారముగా వర్ణించి ప్రకటించిరి. తిమింగలములు, డాల్ఫినులు, పోర్పాయిసుల వర్గమునకు చెందినది బ్రూసెల్లా సెటి. సీల్ వర్గమునకు చెందినది బ్రూసెల్లా పిన్నిపీడియాలిస్. "సెటి" అనగా తిమింగలముయొక్క అని అర్థము. లాటినులో "పిన్నా" అనగా రెక్క, "పెద్" అనగా పాదము. రెక్కపాదముల జంతువులకు సంబంధించినదని రెండవ పేరునకు అర్థము. ఈ "పెద్" శబ్దమును, మన సంస్కృత "పాద" శబ్దమును ఒకే మూలమునుండి పుట్టినవి. చూచితిరా! స్కాట్లండు తీరపు సీల్ జంతువులోని సూక్ష్మజీవి పేరులో మీరు ప్రతిదినము పలుకు పాదమను మాట దాగియున్నది.

పేరు పెట్టుటతో పని ముగియదు. ఆ జాతికి ప్రమాణముగా ఒక సంతతిని సజీవముగా భద్రపరుపవలెను. కనీసము రెండు దేశములలోని రెండు సంవర్ధనాలయములలో నుంచవలెనని అంతర్జాతీయ నియమము. ఒకచోట అగ్నిప్రమాదము జరిగినను, రెండవచోట మిగులునని ఉద్దేశము. సెటి జాతికి ఒక పోర్పాయిసు నుండియు, పిన్నిపీడియాలిస్ జాతికి ఒక సీల్ నుండియు తీసిన సంతతులు బ్రిటనులోను, ఫ్రాన్సులోను భద్రపరుపబడియున్నవి. ఎవరైనను రేపు నాకు క్రొత్త బ్రూసెల్లా దొరికినదనినచో, ఆ ప్రమాణసంతతితో పోల్చి చూపవలెను. మాట నమ్మి ఊరకుండుట శాస్త్రమున లేదు.

7. పేరు వలన ప్రయోజనము

"ఇంత శ్రమపడి ఒక పురుగునకు పేరు పెట్టిన నేమి, పెట్టకున్న నేమి?" అని అడుగువారుందురు. సమాధానమునకు మూడు దృష్టాంతములు చాలును.

మొదటిది, జంతువులకు సంబంధించినది. 2008లో కోస్టారికా దేశ తీరమున ఒడ్డునపడిన చారల డాల్ఫినుల మెదడువాపునకు బ్రూసెల్లాయే కారణమని పరిశోధకులు ప్రకటించిరి. మెదడు చెడిన డాల్ఫిను సరిగా ఈదలేదు, దారి తప్పి ఒడ్డునకు వచ్చును. సీల్ జంతువులయందు మాత్రము పిన్నిపీడియాలిస్ ఉన్నను స్పష్టమైన రోగము సాధారణముగా కనబడదు. సూక్ష్మజీవి దొరికినంతమాత్రమున అదియే రోగకారణమని తలపరాదని దీనివలన తెలియుచున్నది. రెండింటికిని ఒకే పేరున్నచో ఈ భేదము మరుగుపడియుండెడిది.

రెండవది, మనుష్యులకు సంబంధించినది. సముద్రపు బ్రూసెల్లాను పరీక్షించుచున్న బ్రిటనులోని ప్రయోగశాలా ఉద్యోగి యొకరికి అది సోకినట్లు 1999లో ప్రకటితమయ్యెను. 2003లో పెరూ దేశమున ఇరువురు రోగులకు మెదడునందును, 2006లో న్యూజిలాండు దేశమున ఒకనికి వెన్నెముకయందును ఈ విధమైన బ్రూసెల్లా సోకినట్లు వైద్యులు తెలిపిరి. ఈ మువ్వురును సముద్ర క్షీరదములను తాకినట్లు కనబడలేదు. ఇట్టి రోగులు లోకమంతటను బహు కొలదిమందియే. కావున భయపడ పనిలేదు. కాని గుర్తించు పద్ధతి లేకున్నచో వారి రోగము ఏమో ఎన్నటికిని తెలియకుండెడిది.

మూడవది, బ్రూసెల్లా కానిది. 1976లో అమెజాను నది డాల్ఫిను నుండి తీసిన ఒక సూక్ష్మజీవికి ఆ డాల్ఫిను శాస్త్రీయనామమైన "ఇనియా"ను బట్టి స్ట్రెప్టోకాకస్ ఇనియే అని పేరు పెట్టిరి. అపుడు దానిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు. ఇరువది సంవత్సరముల పిమ్మట, 1995–96లో, కెనడాలోని టొరంటో నగరమున సజీవముగా కొన్న తిలాపియా చేపలను శుభ్రముచేసిన కొందరికి చేతులు వాచి జ్వరము వచ్చెను. కారణము ఈ ఇనియేయే! నదిలోని డాల్ఫినుకు పెట్టిన పేరు, దేశాంతరమున వంటయింటి రోగమును గుర్తించుటకు ఉపకరించెను. పేరును, వర్ణనను పుస్తకమున కెక్కించుట అనగా రాబోవు తరమువారికి జాబు వ్రాసియుంచుట.

ఇట్టి పని నేటికిని సాగుచున్నది. డాల్ఫినుల, తిమింగలముల జీర్ణాశయమున నివసించు హెలికోబాక్టర్ సెటోరమ్ అను జాతిని 2002లో వర్ణించిరి. మనుష్యుల కడుపులో పుండ్లు కలిగించు హెలికోబాక్టర్ పైలోరికి ఇది చుట్టము. పైలోరిని గుర్తించిన వారెన్, మార్షల్ అను వైద్యులకు 2005లో నోబెల్ బహుమానము లభించినది. ఇక డాల్ఫిను నోటిలో జన్యుక్రమము మాత్రము తెలిసి, ప్రయోగశాలలో పెంచుటకు లొంగని బాక్టీరియాలు ఎన్నియో కలవు. వానిని పెంచు విద్యను సాధించువారు మీలో ఎవరైనను కావచ్చును.

8. మన కర్తవ్యము

మన పాఠశాలలో చదువు పిల్లలలో పలువురి తండ్రులు వేటకు పోవువారు. సముద్రమును గూర్చి వారికి తెలిసినంత మన పుస్తకములకు తెలియదు. వారికిని, తల్లులకును ఈ పాఠమునందలి నాలుగు మాటలను మీరు చదివి వినిపింపుడు.

ఒడ్డున డాల్ఫిను గాని, తిమింగలము గాని పడియున్నచో, బ్రతికియున్నను, చనిపోయినను ఉత్తచేతులతో తాకరాదు. చేతికి గాయమున్నవారు దగ్గరకును పోరాదు. దాని ఊపిరి ముఖమునకు తగులునట్లు వంగరాదు. కుక్కలను, చిన్నపిల్లలను దూరముగా నుంచవలెను. మాంసము కోయరాదు. ఈ జంతువులు 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత రక్షింపబడినవి. వెంటనే అటవీశాఖవారికి కబురు పంపవలెను. బ్రతికియున్న జంతువును వారు వచ్చి సముద్రములోనికి చేర్తురు. చనిపోయినదానిని పరీక్షించి కారణము తెలిసికొందురు. మీరు పంపిన కబురే ఒక క్రొత్త విషయమునకు మొదలు కావచ్చును.

అంతకంటె ముఖ్యమైనది ఇంటిలోనే కలదు. సముద్రపు బ్రూసెల్లా మనిషికి సోకుట అరుదు. ఆవులలో, మేకలలో నుండు బ్రూసెల్లా అరుదైనది కాదు. పచ్చిపాలు త్రాగరాదు, పొంగువరకు కాచి త్రాగవలెను. ఈచుకపోయిన ఆవు పిండమును, మావిని ఉత్తచేతులతో తీయరాదు; తొడుగు వేసికొని తీసి, లోతుగా పాతిపెట్టవలెను. 2019లో మన ప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద నాలుగు నుండి ఎనిమిది నెలల ఆడదూడలకు ఈ రోగము రాకుండ టీకా వేయుచున్నారు. ఇంట దూడయున్నవారు తప్పక వేయింపవలెను. నెలలతరబడి జ్వరము వచ్చుచు పోవుచు, కీళ్లు నొచ్చుచున్నచో, వైద్యునితో మా ఇంట పశువులున్నవని చెప్పవలెను. ఆ ఒక్క మాట వైద్యునికి దారి చూపును.

మాల్టా దీవిలో మేకపాలతో మొదలైన కథ స్కాట్లండు తీరమున సీల్ వరకు పోయి, తిరిగి మన పాలగిన్నెకే వచ్చినది. ప్రపంచమున ఏ మూలనో ఎవరో ఓపికతో చేసిన పని మన ఇంటి ఆరోగ్యమును కాపాడుచున్నది. ఏ ఊరు, ఎవరి తాలూకు, పేరేమి అను మూడు ప్రశ్నలను ఓపికతో అడుగువాడే శాస్త్రజ్ఞుడు. ఆ ప్రశ్నలను మీరును అడుగుట నేర్చుకొనుడు.

అభ్యాసము

1. డాల్ఫిను చేప కాదని ఎట్లు నిరూపింతువు?
2. శుద్ధసంవర్ధనమనగా నేమి? అది ఎందులకు అవసరము?
3. 16ఎస్ అంశమును అంకెల పేర్లతో ఏల పోల్చితిమి? బ్రూసెల్లా విషయమున ఆ కొలత ఏల చాలకపోయెను?
4. సీల్ జంతువులలోని బ్రూసెల్లాకును, డాల్ఫినులలోని బ్రూసెల్లాకును గల భేదములలో రెండింటిని వ్రాయుము.
5. ప్రమాణసంతతిని రెండు దేశములలో భద్రపరుచుట ఎందులకు?
6. మీ ఇంటి పెద్దలకు ఈ పాఠమును వినిపించి, పాలు, పశువులు, సముద్రతీరము అను మూడు విషయములలో మీ ఇంట పాటింపదగిన నియమములను స్వంత వాక్యములలో వ్రాసి తెమ్ము.